నల్లగట్టు తెగిన చోటు

మా పొలంలో రెండు బావులున్నాయి. ఒకదాంట్లో నీళ్లున్నాయి, రెండోదాంట్లో లేవు. రెంటికీ మధ్య దూరం ముప్ఫై అంగలు. కొత్తవాళ్లు ఎవరు వచ్చినా ఎండిన బావిలోకి తొంగి చూసి, దీన్ని ఎందుకు తవ్వారని అడుగుతారు. ఇన్నాళ్లూ ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తూ వచ్చాను. ఇప్పుడు ఎనభై దాటాయి, మాట మార్చే ఓపిక కూడా పోయింది. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, నేను అనుమానం మనిషిని. పాలవాడు చెంబు వంచేటప్పుడు పాల మీద కాదు, వాడి ముఖం మీద నా కన్ను ఉంటుంది. దవాఖానలో సూది వేస్తామంటే సీసా మీద తారీకు చూపించమంటాను. నా భార్య ఉన్నన్నాళ్లూ "నీకు మెతుకు మీద గూడ అనుమానమే" అని దెప్పేది. ఈ జబ్బు నాకు ఊరికే అంటలేదు. నేను పెరిగిన కాలంలో అనుమానం లేనివాడికి గొర్రె మిగిలేది కాదు, భూమి మిగిలేది కాదు.

నైజాం ఏలుబడి ఆఖరి రోజులవి. మా ఊరు దేవరకొండ దాటి పడమటికి పోతే, నల్లగొండ జిల్లా అయిపోయి పాలమూరు జిల్లా మొదలయ్యే చోట, గుట్టల నడుమ ఉంటుంది. మాది గొర్లు కాసుకునే కురుమల ఇల్లు. మా తాత బంచరాయిలో, అంటే పశువులు మేసే సర్కారు బీట్లో, తుమ్మలు కొట్టి రాళ్లు ఏరి మూడెకరాలు సాగులోకి తెచ్చాడు. దానికి కాగితం లేదు. కాగితం లేని భూమి మా దొర కంట పడితే ఏమవుతుందో ఊళ్లో నలుగురి బతుకులు చూసి మాకు తెలుసు. అయితే మా వైపు ఒక పట్టింపు ఉండేది. బీట్లో బావి తవ్వి నీళ్లు తీసినవాణ్ని అక్కణ్నుంచి లేపకూడదు. లేపితే ఊరికి అరిష్టమని దొరలు కూడా జంకేవాళ్లు. అందుకే మా బాపుకు, అంటే నాన్నకు, బావి పిచ్చి పట్టింది.

"నీళ్లు వడ్డయంటే భూమి మనదే బిడ్డా" అనేవాడు. "నీళ్లు వడకుంటె, ఇయ్యాల గాకుంటె రేపు, ఇంకొకని గొర్లు గాసుడే."

అప్పటికే రెండుచోట్ల తవ్వి పూడ్చేశాడు. నీళ్లు పడలేదు. మూడోసారి తవ్వే ముందు ఎవరైనా తెలిసినవాడు దొరికితే బాగుండునని చూస్తున్నాడు.

ఇక నల్లగట్టు సంగతి. మా దగ్గర నేలంతా ఎర్రబండ. ఆ ఎర్రబండల మధ్య నల్లరాళ్ల వరుస ఒకటి, చెరువుకట్ట పోసినట్టు, ఊళ్లు దాటుకుంటూ కోసుల పొడవున పోతుంది. దానికి రెండువైపులా పుట్టి పెరిగాం కానీ అది అక్కడ ఎందుకుందని ఎవరూ అడగలేదు. మా తాత పొలం చేసినప్పుడు అడ్డొచ్చిన నల్లరాళ్లన్నీ ఏరి గొర్ల దొడ్డికి గోడ కట్టాడు. దాంతో గట్టు మా పొలం ఒడ్డు దాకా వచ్చి ఆగిపోయినట్టు, అవతలి ఒడ్డున మళ్లీ లేచినట్టు కనబడేది.

ఒక ఎండాకాలం పట్నం నుంచి రెండు బండ్ల సామానుతో ఒక సర్కారు మనిషి దిగాడు. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, చేతిలో ఒకవైపు మొన తేలిన సుత్తి. ఊరవతల వేపచెట్టు కింద డేరా వేశాడు. శిస్తుకు వచ్చినవాడైతే నేరుగా దొర ఉండే గడికి పోతాడు. పోలీసువాడైతే కోడిని అడుగుతాడు. ఇతను గడికి పోలేదు, కోడిని అడగలేదు. తెల్లారగానే లేచి రాళ్లు పగలగొట్టుకుంటూ పోయాడు. అదే మాకు మింగుడుపడలేదు.

మూడో రోజు మా మేనత్త కట్టెలకు పోయి వచ్చి మోపు దించకుండానే చెప్పింది.

"నా కండ్లార జూసిన. రాయి పలగ్గొట్టిండు, నాలికె వెట్టి నాకిండు. మల్ల ఇంకోటి పలగ్గొట్టిండు, దాన్నీ నాకిండు."

"బెల్లమనుకున్నడా ఏంది?" అన్నాడు బాపు.

"నవ్వకు తమ్మీ. బంగారం రుచి జూస్తుండు. రాయచూరు దిక్కు గట్లనే మొదలువెట్టిండ్రంట. ముందుగాల రాళ్లు నాకిండ్రు, ఎనుక ఊర్లు లేపిండ్రు."

నాలుకతో తడిపితే రాతిలోని పూస బాగా కనబడుతుందని, ఆ పని చేసేవాళ్లందరికీ అది అలవాటేనని తర్వాత ఆయనే చెప్పాడు. కానీ ఆ మాట వినేలోపు ఊరంతా మేనత్త మాటే పాకింది. ఆయన పేరు రాళ్ల సారు అయి కూర్చుంది.

నేను ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాను. అంకెలు రాయగలను. అప్పటికి పెళ్లయి రెండేళ్లు, ఒంట్లో సత్తువ ఉంది. సారు నన్ను కూలికి పిలిచాడు. ఊళ్లో మిగతావాళ్లు జంకారు గాని నేను వెంటనే ఒప్పుకున్నాను. నేను పోయింది కూలికి కాదు, కాపలాకు. దొంగ అనుకున్నవాడి పక్కనే నడిస్తే వాడి చెయ్యి ఎటు పోతోందో తెలుస్తుంది కదా.

ఆయన కృష్ణకు అవతలి మనిషి. ఊళ్లో పెద్దవాళ్లందరినీ మీరు అనేవాడు, మా బాపును కూడా. మా బాపును అప్పటిదాకా సర్కారు మనిషి ఎవడూ మీరు అనలేదు. బాపు అక్కడికక్కడే కరిగిపోయాడు. నాకు మాత్రం అనుమానం ఇంకో మెట్టు పెరిగింది. ఊరికే ఇంత మర్యాద ఎవరిస్తారు?

రోజూ గట్టు వెంబడి నడిచేవాళ్లం. ఆయన కొట్టిన ముక్కను నేను గుడ్డసంచిలో వేసి, నంబరు రాసిన చీటీ పెట్టి మూతి కట్టాలి. ఒకరోజు నల్లగట్టూ ఎర్రబండా కలిసే చోట కూర్చోబెట్టి చెప్పాడు.

"ఎర్రబండ పెద్దదయ్యా, నల్లది కుర్రది. ఎర్రబండ చల్లారి గట్టిపడిన ఎన్నాళ్లకో నేల పగిలింది. ఆ పగులులోకి అడుగు నుంచి కరిగిన రాయి పొంగుకొచ్చింది. అది చల్లారితే ఈ గట్టయింది."

"మీకెట్ల ఎర్క సారూ? అప్పుడు మీరు గాని ఉన్నరా?"

నా ఎగతాళి ఆయనకు అంటలేదు. నల్లరాయిని చూపించాడు. దాని కడుపులో పిడికిలంత ఎర్రముక్కలు చిక్కుకుని ఉన్నాయి.

"నల్లదాంట్లో ఎర్రముక్కలున్నాయి. ఎర్రదాంట్లో నల్లముక్క ఒక్కటైనా చూపించు. ముందు నుంచీ ఉన్నదాన్నే కదా ఎవరైనా మింగేది?"

చూపిద్దామనే ఆ రోజంతా వెతికాను. ఎర్రబండలో నల్లముక్క దొరకలేదు. నాకు చిర్రెత్తింది. ఇంకో రోజు రెండు నల్లముక్కలు నా చేతిలో పెట్టాడు. ఒకటి గట్టు అంచు నుంచి తీసింది, నున్నగా ఉంది. రెండోది నడిమి నుంచి తీసింది, గరుకుగా పూసపూసగా ఉంది. రెండూ ఒకే రాయి కదా, ఈ తేడా ఎందుకని అడిగాడు. గొర్లూ మేకలూ బర్లూ ఉన్న ఇంట్లో పుట్టినవాడికి అదొక ప్రశ్నా?

"నెయ్యి గూడ గంతే గద సారూ" అన్నాను. "తొందరగ పేరుకుంటె నున్నగుంటది. నిమ్మలంగ పేరుకుంటె పూస గడ్తది. అంచుకు సల్లటి బండ తాకింది, జల్ది పేరుకుంది. నడిమిట్ల ఏడి ఎక్కువసేపున్నది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నోటుబుక్కు తీసి నేనన్న మాట రాసుకున్నాడు. నా గుండె ఉబ్బింది, ఆ మాట దాచను. ఇంటికి వచ్చేదాకా ఉబ్బే ఉంది. పడుకున్నాక మాత్రం, నా మాట సర్కారు కాగితం మీదికి ఎందుకు ఎక్కించాడు, రేపు ఏం ముంచుకొస్తుందోనని నిద్ర పట్టలేదు.

ఆయన గోలంతా ఒక్కటే. కరిగిన రాయి ఒక్కసారే పొంగిందా, విడతలుగా పొంగిందా? ఎంత లోతు నుంచి వచ్చింది? ముక్కలు పట్నం పంపితే పల్చగా అరగదీసి అద్దాల కింద చూస్తారట. మనకు కనబడే గట్టు వేరు మాత్రమేనట. ఆ పగులులోంచి పైకి పొంగి ఉంటే ఒకప్పుడు మా నెత్తి మీద నిప్పులు కక్కే కొండ ఉండి ఉండాలట, వానలూ గాలులూ దాన్ని ఎప్పుడో అరగదీసి ఉండాలట. నేను ఇంట్లో ఈ మాట చెప్పడమే తప్పయింది. మరునాటికి ఊళ్లో, కొండ మళ్లీ లేస్తుందట, సర్కారు మనల్ని లేపుతుందట అని గుసగుసలు. నోట్లో నువ్వుగింజ నానని మేనత్త ఉండగా ఏది దాగుతుంది?

ఇంకో చిత్రం జరిగింది. సారు ఒక పెద్ద నల్లగుండు మీద సున్నంతో గుండ్రంగా గీసి, లోపల జాజుతో ఎర్రటి అంకె వేయించాడు. వారం తర్వాత ముక్క కొడదామని పోతే ఆ గుండుకు పసుపు పూసి ఉంది, ముందర కొబ్బరికాయ పగిలి ఉంది. తెల్లసున్నం, ఎర్రజాజు కనబడేసరికి మావాళ్లు అమ్మవారు వెలిసిందనుకున్నారు. అంకెల పోశమ్మ అని పేరు కూడా పెట్టారు. ఒక ముసలమ్మ అడ్డంగా కూర్చుని సుత్తి ఎత్తనివ్వలేదు. సారు చెప్పులు విప్పి, దండం పెట్టి వెనక్కి తిరిగాడు. ఆ పోశమ్మకు ఇప్పటికీ బోనాలు పోతున్నాయి.

గట్టు గురించి ఆయన చెప్పిన ఇంకో మాట ఈ కథకు కీలకం. పక్క ఊరి శివారులో గట్టుకు పైవైపు గడ్డి పచ్చగా ఉంది, కిందివైపు నేల నెర్రెలు విచ్చి ఉంది.

"నేల లోపలి నీళ్లు పల్లానికే పోతాయి" అన్నాడు. "నల్లరాయి నీటిని దాటనివ్వదు. నేల లోపల కూడా అది కట్టే. కాబట్టి బావి తవ్వితే కట్టకు పైన తవ్వాలి. కట్ట మీద తవ్వితే చచ్చినా చుక్క రాదు."

ఆ మాట నా చెవిలో పడింది. ఇప్పటికీ మోగుతూనే ఉంది.

ఒక సాయంత్రం దొర గుర్రమెక్కి డేరాకు వచ్చాడు. నేను వెనకవైపు సంచులు కడుతున్నాను. మధ్యలో గుడ్డ గోడ ఒక్కటే అడ్డం. మామూలు మాటలు కొన్ని అయ్యాక దొర అడిగాడు.

"గీ నల్లరాయి ఎందాక పోతదో అందాక కాయితం మీద ఎక్కిస్తరా?"

"అంగుళం కూడా వదలనండి" అన్నాడు సారు.

"కురుమోళ్ల బంచరాయి దిక్కు గూడ?"

"అక్కడ పైకి కనబడటం లేదు. తవ్వించి చూస్తాను. ఉంటే అదీ ఎక్కుతుంది."

"మంచిది" అన్నాడు దొర. "అయినంక నాకూ ఒకపారి చూపియ్యాలె."

నేను విన్నది అంతే. అది చాలదా? నల్లరాయి ఎక్కడుంటే ఆ భూమి కాగితానికెక్కుతుంది, కాగితం దొర చేతికి పోతుంది, బావి పడకముందే మేం లేచిపోతాం. నాకు ఒళ్లు మండింది. మర్యాదంతా దీనికేనా అనుకున్నాను. బాపుకు చెబితే నమ్మడు. పోయి సారునే అడుగుతాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

తొలకరికి ముందు సారుకు చలిజ్వరం పట్టుకుంది. నాలుగు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదు. అలా పడుకునే నన్ను పిలిచి మూడు సంచులూ మూడు చీటీలూ ఇచ్చాడు.

"మీ పొలంలో పై నుంచి కిందికి వరుసగా మూడు గుంతలు తవ్వు, నడుంలోతు. ఒక్కోదాని అడుగున తగిలిన రాయి ముక్క ఒక్కో సంచిలో వెయ్యి. గట్టు మీ పొలం అడుగున పోతోందా, తెగిందా తేలిపోతుంది. నేనే రావాలి, కానీ లేవలేను. నీ మీదే భారం."

బాపు గొర్లతో గుట్టకు పోయిన రోజు చూసి తవ్వాను. పై గుంతలో ఎర్ర మొరం. ఇరవై అంగలు పల్లానికి తవ్విన రెండో గుంతలో నల్లరాయి. నున్నగా ఉంది, అంటే అంచు. ఇంకో పది అంగలు పల్లానికి తవ్విన మూడో గుంతలో మళ్లీ నల్లరాయి, ఈసారి మంచి పూస. గట్టు నడుమ సరిగ్గా అక్కడే ఉంది. నెయ్యి చదువు నాకు బాగానే వంటబట్టింది.

ఆ నల్లముక్కలు రెండూ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత వాటిని దొడ్డిగోడలో నల్లరాళ్ల మధ్య దోపాను. పక్క దిబ్బకు పోయి ఎర్రరాతి ముక్కలు రెండు కొట్టి తెచ్చి సంచుల్లో వేసి మూతి కట్టాను. గొర్లు పడి కాళ్లు విరగ్గొట్టుకుంటాయన్న సాకుతో గుంతలన్నీ సాయంత్రానికి పూడ్చేశాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ రోజు మా ఇంటి దొంగను నేనే.

సారు మంచం మీద లేచి కూర్చుని మూడు ముక్కలూ తడిపి చూశాడు. మళ్లీ చూశాడు. మూడూ ఎర్రవే.

"అడుగు నుంచే తెచ్చావా?"

"అవ్ సారూ."

"నీ చేత్తోనే?"

"నా చేత్తోనే."

ఆయన నా కళ్లలోకి చూశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే "కావాలంటే మల్ల తవ్వి సూపిస్త" అనేశాను. అనగానే నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి ముక్కలు పక్కన పెట్టాడు.

"ఇన్ని కోసుల్లో ఈ గట్టు ఎక్కడా మాట మార్చలేదయ్యా. మీ పొలం దగ్గరే మార్చింది. రాయి మాట మార్చదు. నా లెక్కలోనే ఎక్కడో తప్పుంది."

నా మీద అనుమానపడ్డాడనే నాకిప్పటికీ అనిపిస్తుంది. అలాంటప్పుడు తిట్టి ఉండొచ్చు, దొరకు చెప్పి కొట్టించి ఉండొచ్చు. ఆ పని చెయ్యలేదు. తప్పు తన మీద వేసుకుని, రెండు రోజులు జ్వరంలోనే బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. పొంగిన రాయి ఒకటి కాదేమో, రెండు వేర్వేరు విడతలు రెండు వైపుల నుంచి వచ్చి ఇక్కడ కలవకుండా ఆగాయేమో అని తనలో తనే గొణుక్కున్నాడు. చివరికి తాను గీస్తున్న పటంలో నల్లగీత మా పొలం దగ్గర తెగ్గొట్టి, అవతల మళ్లీ మొదలుపెట్టాడు. తెగిన చోట పెన్సిలుతో చిన్న ప్రశ్న గుర్తు పెట్టాడు. వానలయ్యాక వచ్చి సొంతంగా చూస్తానన్నాడు.

ఆయన పట్నం పోయే ముందు రోజు మా బాపు గొంగడి భుజాన వేసుకుని, ముంతలో మజ్జిగ పట్టుకుని డేరాకు వచ్చాడు. వచ్చిన పని నాకు తెలుసు.

"సారూ, మీరు నేల కడుపుల సంగతి తెలిసినోళ్లు. మా బాయి యాడ తవ్వాలె? జర ఒక్క జాగ సూపియ్యిండ్రి."

సారు మజ్జిగ తాగాడు. పటం పరిచి బాపుకు అర్థమయ్యేలా ఓపిగ్గా చెప్పాడు. గట్టంతా కట్టలాంటిదని, ఆ కట్ట మా పొలంలో తెగిందని, పైనీళ్లన్నీ తూములోంచి వచ్చినట్టు ఆ తెగిన చోటు నుంచే కిందికి పోవాలని, మూడో గుంత తవ్విన చోటే పల్లమని.

"అక్కడ తవ్వండి" అన్నాడు. "నా దగ్గరున్న ముక్కలు నిజమైతే అక్కడే నీళ్లుండాలి."

నా దగ్గరున్న ముక్కలు నిజమైతే, అన్నాడు. అంటూ నావైపు చూశాడు.  అప్పుడు నోరు విప్పితే సరిపోయేది. కానీ నా బుర్ర ఎలాంటిదంటే, ఆ క్షణంలో కూడా ఇదంతా నన్ను పట్టుకోవడానికి పన్నిన వల అనుకున్నాను. బావి పేరు చెప్పి నా నోటితోనే నిజం కక్కించి, ఆ నిజాన్ని దొర చేతిలో పెడతాడని అనుకున్నాను. నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

మరునాడు బండ్లు కదిలాయి. వానలయ్యాక ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇంకోమాట కూడా చెప్పాలి. నల్లగట్టు పోయే ఊళ్లు ఎన్నో ఉన్నాయి, ఎన్నో పొలాలు కాగితం మీదికి ఎక్కాయి. ఆ గీత వంక చూపించి ఎవడూ ఎవరి భూమినీ అడగలేదు. దొర ఆశపడింది బంగారానికి. బంగారం లేదని తెలిశాక ఆయన ఆ పటం సంగతే మరిచిపోయాడు.

ఎండలు ముదరగానే బాపు గడ్డపార తీశాడు. నేను అడ్డుపడ్డాను.

"గాడ వద్దు బాపూ. ముప్పయి అంగలు పైకి తవ్వుదం."

"ఎందుకు?"

"వాన్ని నమ్మొద్దు. నాకు మొదటిసంది వాని మీద నమ్మకం లేదు."

"నువ్వు దేన్ని నమ్మినవ్‌రా? పెండ్లి నాడు తలంబాలు గూడ పలుగురాళ్లు కలిసినయేమోనని ఏరినవ్. ఆ సారు నన్ను మీరు అన్నడు. నా చేతి మజ్జిగ తాగిండు. నాతోని అబద్ధమాడి ఆయనకేమొస్తది?"

నడుంలోతులో నల్లరాయి తగిలింది. తగలక ఏం చేస్తుంది. బాపు జంకలేదు. ఇది పైపొరే, కింద తూము ఉంటుంది, సారు చెప్పాడు అన్నాడు. ఆ రాయి గడ్డపారకు లొంగలేదు, సమ్మెటకు లొంగలేదు. మా వైపు అలాంటి రాతికి ఒకటే ఉపాయం. దాని మీద తుమ్మమొద్దులు పేర్చి పగలంతా మంటపెడతారు. రాయి ఎర్రబడ్డాక చల్లటి నీళ్లు గుమ్మరిస్తారు. అప్పుడది పటపటమని పగులుతుంది. ఆ నీళ్లు ఎక్కడివి? కోసు దూరంలో వాగు చెలిమ నుంచి నా భార్యా మేనత్తా కుండల మీద కుండలు మోసుకొచ్చారు. నీళ్ల కోసం తవ్వే బావిలో నీళ్లు పోశాం. ఎప్పుడో నిప్పులోంచి పుట్టిన రాయి మళ్లీ నిప్పు చూసి, జానెడో బెత్తెడో పగిలేది. మర్నాడు మళ్లీ మంట.

ఒక నిలువు దిగినప్పుడు చెబుదామనుకున్నాను. అప్పటికి బాపు అరచేతుల్లో తోలు లేదు. ఇంత పని చేయించాక ఎలా చెప్పను అనుకున్నాను. రెండో ఎండాకాలం రెండో నిలువు దిగాం. అప్పుడైతే చెప్పడానికి ఇంకా భయం వేసింది. ఒక మధ్యాహ్నం వేడిరాతి పెచ్చు ఎగిరి బాపు ఎడమకంట్లో పడింది. దేవరకొండ దవాఖానకు బండి కట్టుకుని పోయాం గానీ చూపు దక్కలేదు. ఆ రాతిపెచ్చు నా దగ్గరే ఉంది. పూస కట్టిన నల్లరాయి, గట్టు నడిమిది.

ఆ రాత్రి నా భార్య ఒక్కమాట అడిగింది. "రాయి తగిల్న నాటి సంది నీ మొఖం జూస్తున్న. నీకేమన్న ఎర్కనా?" నేను ఆమె మీద అరిచాను. అంతకు ముందెప్పుడూ ఆమె మీద గొంతెత్తలేదు. ఆమె మళ్లీ అడగలేదు. పోయేదాకా అడగలేదు.

మూడో ఎండాకాలానికి దొరల మీద జనం తిరగబడి ఊళ్లన్నీ గడబిడగా ఉన్నాయి. దొర గడికి తాళం వేసి పట్నంలో కూర్చున్నాడు. ఎవడి భయంతో నేను రాళ్లు మార్చానో వాడే ఊళ్లో లేడు. బాపు ఒంటికన్నుతో ఎండిన బావి గట్టు మీద కూర్చునేవాడు. నేను ఎవరినీ అడక్కుండా ముప్ఫై అంగలు పైకి నడిచి, నేను పూడ్చిన మొదటి గుంత దగ్గరే గడ్డపార దింపాను. ఎర్ర మొరం మెత్తగా వచ్చింది. మంట అక్కర్లేకపోయింది. ఐదో నిలువులో పొద్దున్నే అడుగు తడిగా కనబడింది. మధ్యాహ్నానికి పాదాలు మునిగాయి. సాయంత్రానికి మోకాళ్ల దాకా ఊరింది.

ఊరు ఊరంతా వచ్చింది. మేనత్త ఏడ్చింది. "వీని అనుమానమే మనకు నీళ్లు దెచ్చింది" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఇక మమ్మల్ని ఎవరూ లేపరు. బాపు తనను కిందికి దింపమన్నాడు. నడుముకు మోకు కట్టి మెల్లగా దించాం. నేను కిందే ఉండి పట్టుకున్నాను. ఆయన నీళ్లలో నిలబడి వంగి చేతులు ముంచాడు. నోట్లో పోసుకోలేదు. దోసిట్లోకి చూస్తూ ఉండిపోయాడు.

"నీళ్లు గీడున్నయి" అన్నాడు నెమ్మదిగా. "గీడుంటె, గాడ తవ్వుమన్నడు. నా చేతి మజ్జిగ తాగి, నన్ను మీరు అనుకుంట, అబద్ధం జెప్పిండు. నా కన్ను దీసిండు."

బాపు ఒకరిని అలా అనగా నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు. జీవితమంతా మనుషుల్ని నమ్మినవాడు. ఇప్పుడు ఆయన ముఖం నా ముఖంలా అయిపోయింది.

"నువ్వు మొదాల్నే జెప్పినవ్ బిడ్డా, వాన్ని నమ్మొద్దని. నేనే ఇనకపోతి."

పైన మోకు పట్టుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఐదు నిలువుల కింద ఇద్దరమే ఉన్నాం.

"ఊఁ" అన్నాను.

బాపు దోసిలి నా నోటి దగ్గరికి తెచ్చాడు. "ముందు నువ్వు తాగు" అన్నాడు. తాగాను.